స్టోర్‌లో ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్న చిట్టికి

చిట్టీ,

సోమవారం నుంచి ఎనిమిది వారాలు అంత పెద్ద స్టోర్‌లో ఇంటర్న్‌షిప్ అని మీ అమ్మ చెప్పింది. నువ్వేమో "ఎంబీఏ చదివి సీసాలు సర్దాలా" అని మొహం మాడ్చుకున్నావట. సర్దాలి. మొదట్లో ఆ పని ఇవ్వకపోతే నువ్వే అడిగి తీసుకో. ముప్ఫై ఏళ్ళు స్టోర్లలో చేసి రిటైరైనదాన్ని, ఆఫీసు గదిలో కూర్చుని నేను నేర్చుకున్నది చాలా తక్కువ.

నా మొదటి నెలలో జరిగింది ఒకటి చెబుతాను. ఇంట్లో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నన్ను బిల్లింగ్‌లో వేశారు. ఒకావిడ ఆరు షాంపూ సీసాలు తెచ్చింది, మూడు నీలం, మూడు ఆకుపచ్చ. సైజు ఒకటే, ధర ఒకటే. వెనకాల క్యూ పెరిగిపోతోంది. ఒక్క ఆకుపచ్చ సీసా స్కాన్ చేసి, ఆరు అని కొట్టేశాను. మొత్తంలో తేడా ఏమీ రాలేదు. నా స్పీడు చూసి పక్క కౌంటర్ అమ్మాయి మెచ్చుకుంది కూడా.

మూడు వారాల తర్వాత ఫ్లోర్ మీదికి మార్చారు. నీలం సీసాలు ఉండాల్సిన చోట ఖాళీ. రోజూ ఎవరో ఒకరు అడగడం, నేను "స్టాక్ లేదండీ" అనడం. ఒకరోజు సూపర్‌వైజర్ గారు ఆ ఖాళీ ముందు నన్ను నిలబెట్టి, షెల్ఫ్ అంచున ఉన్న ధర చీటీని స్కాన్ చెయ్యమన్నారు. సిస్టమ్‌లో మూడు నీలం సీసాలు ఉన్నాయి! "వెతుకు" అన్నారు. గోడౌన్‌లో అట్టపెట్టెలన్నీ దింపి చూశాను, డ్యామేజీ సరుకు పెట్టే మూల కూడా వదల్లేదు. లేవు. అప్పుడు పాత బిల్లులు తీయించారు. ఆకుపచ్చ ఆరు, నా ఐడీ మీద.

లెక్క ఎలా తప్పిందో చూడు. రెండు రంగులూ ఆరేసి ఉండేవి. నా బిల్లుతో సిస్టమ్‌లో ఆకుపచ్చ సున్నా అయింది, నీలం ఆరు అలాగే ఉండిపోయింది. షెల్ఫ్ మీద మాత్రం రెండూ మూడేసి ఉన్నాయి. ఆ తర్వాత మిగతా మూడు నీలం సరిగ్గానే బిల్లయ్యాయి. షెల్ఫ్ మీద నీలం సున్నా, సిస్టమ్‌లో మూడు. రెండుకి పడితేనే ఆర్డర్ వెళ్ళేలా పెట్టి ఉంది, కాబట్టి వెళ్ళలేదు. ఆకుపచ్చ మాత్రం ఇంకా ఉండగానే కొత్తది వచ్చిపడింది. పైగా నీలం ఎవరూ కొనడం లేదని రిపోర్టులో తేలింది. లేని సరుకు ఎవరు కొంటారు?

దాన్ని సరిదిద్దడానికి నాకు సగం రోజు పట్టింది. ఆరు సీసాలూ విడివిడిగా స్కాన్ చేసి ఉంటే పది సెకన్ల పని.

1974 జూన్ 26న అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్ళో, ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్లో, ఇప్పుడు మనం చూసే రకం బార్‌కోడ్‌ని మొదటిసారి స్కాన్ చేశారు. అప్పటినుంచి ఏది ఎన్ని పోయిందో రాసే పని మెల్లగా మెషీన్‌కి వెళ్ళిపోయింది. కానీ మెషీన్ తనకు చూపించిందే రాస్తుంది. నీలానికీ ఆకుపచ్చకీ వేరే నంబర్లు ఎందుకు వేశారో ఆ రోజు నాకు అర్థమైంది. అందుకే చెబుతున్నా, ఈ ఎనిమిది వారాల్లో నువ్వు చూడాల్సింది సిస్టమ్‌లో ఉన్న అంకెకీ షెల్ఫ్ మీద ఉన్న సరుకుకీ మధ్య తేడా. స్క్రీన్ మీది అంకెలు కాలేజీలో కూర్చుని కూడా చూడొచ్చు. ఆ తేడా చూడాలంటే మాత్రం అక్కడ నిలబడాల్సిందే.

ప్రాజెక్టుకి "కస్టమర్ సంతృప్తి మీద అధ్యయనం" లాంటి పెద్ద పేరు పెట్టకు. అలాంటి రిపోర్టులు నేను ఎన్ని చూశానో! మొదటి ఇరవై పేజీలు కంపెనీ చరిత్ర, చివరి పది పేజీలు పై-చార్టులు. ఒక్క బే, అంటే షెల్ఫుల వరసలో ఒక భాగం, తీసుకో. రోజూ తెరిచే ముందు ఒకసారి, సాయంత్రం రద్దీకి ముందు ఒకసారి వెళ్ళి ఖాళీలు రాసుకో. ప్రతి ఖాళీకీ కారణం పట్టుకో. సరుకు నిజంగానే అయిపోయిందా, గోడౌన్‌లో ఉండి బయటికి రాలేదా, ఎవరో తెచ్చి వేరే చోట వదిలేశారా, లారీలో తక్కువ వచ్చినా పూర్తిగా దిగినట్టు సిస్టమ్‌లో రాసేశారా, పగిలినవి లెక్కలోంచి తియ్యలేదా, నాలాంటి వాళ్ళెవరైనా బిల్లింగ్‌లో ఉన్నారా. రెండు వారాలు ఇది చేస్తే మేనేజర్ గారే కుర్చీ వేసి కూర్చోబెడతారు.

సర్దేటప్పుడు పాత సరుకు ముందుకి, కొత్తది వెనక్కి. తేదీ ఉన్న సరుకులో అయితే ముందు ఏది ఎక్స్‌పైరీ అవుతుందో అది ముందు. లేబుల్ మనిషి వైపు తిరిగి ఉండాలి. ఇది చాదస్తం అనుకోకు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి, కొనేవాళ్ళే నడిచి తీసుకునే షాపు తెరవకముందు సాధారణంగా కౌంటర్ వెనక గుమాస్తా అడిగింది తీసిచ్చేవాడు. ఆ గుమాస్తా పని ఇప్పుడు షెల్ఫ్ చేస్తోంది, లేబుల్ కనపడకపోతే అది నోరు మూసుకున్నట్టే.

ఎవరైనా "రెండు నిమిషాలు నా ఐడీలో బిల్లులు కొట్టు, ఇప్పుడే వస్తా" అంటే ఒప్పుకోకు. నీ ఐడీ కూడా ఇవ్వకు. సాయంత్రం క్యాష్ తగ్గితే స్నేహాలన్నీ ఆ కౌంటర్ దగ్గరే తెగిపోతాయి. అట్టపెట్టె కోసేటప్పుడు బ్లేడు నీ వైపుకి లాగకు, లోతుగా దించకు, లోపలి సరుకు కూడా తెగుతుంది. బరువు నడుము వంచి ఎత్తకు, మోకాళ్ళు వంచు. ర్యాక్ మీదికి అసలు ఎక్కకు.

సందేహాలు లారీ దిగేటప్పుడు, రద్దీలో అడిగితే విసుక్కుంటారు. పొద్దున్నే అడుగు. మేనేజర్ కంటే సరుకు దింపే వాళ్ళకీ, సెక్యూరిటీ వాళ్ళకీ ఎక్కువ తెలుసు, ఎవరూ అడగరు కాబట్టి అడిగితే సంతోషంగా చెబుతారు. వాళ్ళని "అన్నా", "అక్కా" అని పిలువు, మీ మేడమ్ "ఏయ్" అన్నా సరే నువ్వు అనకు.

కొనే రేట్లు, మార్జిన్లు లాంటివి కంటపడితే రాతపూర్వకంగా అనుమతి లేకుండా రిపోర్టులో పెట్టకు. కస్టమర్ల ఫోటోలు తియ్యకు.

నాలుగో వారం వచ్చినా సర్దుడు తప్ప ఇంకేమీ ఇవ్వకపోతే అప్పుడు ఊరుకోవద్దు. లారీ సరుకు దించుకునే రిసీవింగ్‌లో రెండు రోజులు, సరుకంతా లెక్కపెట్టే స్టాక్ కౌంట్ రాత్రి ఒకటి, రిటర్న్స్ కౌంటర్లో ఒకరోజు ఇమ్మని మెంటర్‌కి మెయిల్ పెట్టు, మీ ప్రొఫెసర్‌ని కాపీలో పెట్టు. నోటితో అడిగింది గాలికి పోతుంది.

కొత్త బూట్లు సోమవారం మొదటిసారి వేసుకోకు, ఇవాళే ఇంట్లో తొడుక్కుని తిరుగు. ఆదివారం ఫోన్ చెయ్యి, ఏ బే తీసుకున్నావో, ఎన్ని ఖాళీలు దొరికాయో చెప్పు.

మీ పెద్దమ్మ