కొత్త ఫోన్‌లో చిన్న లోపం: మార్పిడి అడగాలా, వదిలేయాలా?

మీరు నాలుగు విషయాలు అడిగారు: తెరమీద కదలకుండా ఉండే నల్లచుక్క, బ్రైట్‌నెస్ బాగా తగ్గిస్తే బూడిదరంగు గులాబీగా కనిపించడం, కుడి అంచున గాజుకీ ఫ్రేముకీ మధ్య సన్నటి సందు, ఊపితే కెమెరా దగ్గర టకటకమనే చప్పుడు. ఫోన్ కొని వారం కాలేదు, మార్పిడి గడువు ఇంకా ఉందన్నారు. చప్పుడు దాదాపుగా లోపం కాదు. చుక్క, గులాబీ ఛాయ మీ కంటికి ఎంత అడ్డొస్తున్నాయన్నదాన్ని బట్టి తేల్చుకోవచ్చు. సందు సంగతి మాత్రం ఈరోజే చూడండి.

ముందుగా ఒక మాట. మార్పిడి వేరు, వారంటీ వేరు. గడువులోపు అడిగితే చాలాచోట్ల మరో ఫోన్ ఇస్తారు, లేదా డబ్బు వెనక్కిస్తారు. గడువు దాటితే అదే లోపానికి సాధారణంగా మీ ఫోన్‌నే విప్పుతారు. ఇప్పటి ఫోన్లలో తెర, వెనక పలక జిగురుతో అంటించి ఉంటాయి. వేడిచేసి ఆ జిగురును మెత్తబరిచి, ఊడదీసి, పాత జిగురంతా గీకేసి కొత్తది వేయాలి. ఆ పని ఎంత జాగ్రత్తగా చేసినా ఫ్యాక్టరీలో పడిన సీల్ తిరిగి అంత గట్టిగా పడుతుందన్న భరోసా ఉండదు. కెమెరా గాజు కిందికి దుమ్ము చేరొచ్చు, వైబ్రేషన్ మోటారు పక్కన ఏదో ఒకటి వదులుగా మిగిలిపోవచ్చు. అందుకే కంటికి మాత్రమే కనిపించే లోపానికి నేను రెండే దారులు చెప్తాను: గడువులోపు మార్పించుకోండి, లేదంటే అలాగే వాడుకోండి. విప్పించడం పనిచేయని భాగానికే.

కింది పరీక్షలు టెంపర్డ్ గ్లాస్ అంటించకముందు, కవర్ తీసేసి, పాత ఫోన్ డేటా మొత్తం ఎక్కించకముందు చేయాలి. ఇప్పటికే గ్లాస్ అంటించి ఉంటే టచ్‌కి, ప్రాక్సిమిటీ సెన్సర్‌కి (ఫోన్ చెవి దగ్గర పెట్టగానే తెర ఆపేది) సంబంధించిన ఫలితాలను పూర్తిగా నమ్మకండి.

చుక్కతో మొదలుపెడదాం. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. ఫ్యాక్టరీ ఫిల్మ్ జిగురు మరక చాలాసార్లు చుక్కలాగే కనిపిస్తుంది. తుడిచినా పోకపోతే ఒక స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫోన్‌కి పంపండి. అక్కడ కూడా చుక్క కనిపిస్తే తప్పు ఏదో యాప్‌ది, కనిపించకపోతే ప్యానెల్‌ది, అంటే తెరది. తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు రంగుల బొమ్మలను ఒక్కొక్కటిగా తెర నిండా పెట్టి చూడండి. చాలా శామ్‌సంగ్ ఫోన్లలో డయలర్‌లో *#0*#, షావోమీలో *#*#6484#*#* కొడితే ఈ పరీక్ష ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. తెరమీద బొమ్మ ఏర్పడేది పిక్సెళ్లనే అతి చిన్న చుక్కలతో. అన్ని రంగుల్లోనూ నల్లగా ఉండిపోతే అది డెడ్ పిక్సెల్. నల్లటి తెరమీద కూడా ఎర్రగానో పచ్చగానో వెలుగుతుంటే స్టక్ పిక్సెల్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరల్లో ఒక్కదానిమీదే నల్లగా కనిపిస్తే ఆ రంగు సబ్‌పిక్సెల్ (పిక్సెల్‌లో ఆ ఒక్క రంగునిచ్చే భాగం) మాత్రమే పోయినట్టు.

ఎల్‌సీడీ (వెనక నుంచి లైటు వెలిగే రకం) తెరమీద స్టక్ పిక్సెల్‌ని రంగులు వేగంగా మార్చే యాప్‌తో 20–30 నిమిషాలు నడిపిస్తే ఒక్కోసారి కదులుతుంది. అప్పటికీ కదలకపోతే వదిలేయండి. డెడ్ పిక్సెల్‌కి కరెంటే అందదు కాబట్టి ఈ చిట్కా దానికి పనికిరాదు. వేలితో నొక్కి సరిచేసే పద్ధతి వీడియోల్లో కనిపిస్తుంది, అది అసలే వద్దు. ఓఎల్ఈడీ (ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే రకం) తెర పొరలు చాలా పలచన, ఒత్తిడి పడితే ఒక చుక్క పోయి మచ్చ మిగులుతుంది.

మరి ఒక్క చుక్క కోసం ఫోన్ మార్చాలా? 1080×2400 తెరమీద 25,92,000 పిక్సెళ్లుంటాయి. 2008 నాటి ఐఎస్ఓ 9241-307 ప్రమాణంలో 0 తరగతి ప్యానెల్‌లో ఒక్క లోపం కూడా ఉండకూడదు, ఆపై తరగతుల్లో పది లక్షల పిక్సెళ్లకు ఇన్ని అని కొద్దిపాటి లోపాలకు వీలుంది. సర్వీస్ సెంటర్లో "ఇది పరిమితిలోపే ఉంది" అనే మాట ఇలాంటి లెక్కల నుంచే వస్తుంది. మార్పిడి గడువులో ఉన్నప్పుడు చాలాచోట్ల ఆ వాదన దాకా పోనక్కర్లేదు. చుక్క తెర మధ్యలో ఉండి మీరు చదివేటప్పుడు తగులుతుంటే మార్పించండి. అంచున ఉండి వెతికితే తప్ప కనిపించకపోతే మిగతా పరీక్షల్లో నెగ్గిన ఫోన్‌ని పోగొట్టుకోకండి.

ఒక్క విషయంలో మాత్రం ఉపేక్ష వద్దు. వేరే ఫోన్‌తో ఆ చుక్కని దగ్గరగా ఫోటో తీసి పెట్టుకుని, రెండు రోజుల తర్వాత మళ్లీ తీసి పోల్చండి. చతురస్రంగా, అంచులు స్పష్టంగా ఉన్న చుక్క సాధారణంగా అలాగే ఉండిపోతుంది. ఓఎల్ఈడీలో అంచులు మసకగా ఉండి కాస్త పెద్దదైతే, ప్యానెల్ సీల్‌లోని సూదిబెజ్జం లోంచి తేమ, ఆక్సిజన్ లోపలికి దిగుతున్నట్టు. అది పెరుగుతూనే ఉంటుంది. పై నుంచి కిందికి నిలువు గీత కనిపించినా అంతే, దాన్ని చిన్న లోపం అనుకోకండి.

గులాబీ ఛాయ సంగతి వేరు. ఓఎల్ఈడీలో ప్రతి సబ్‌పిక్సెల్‌కీ తన ట్రాన్సిస్టర్లు ఉంటాయి, అవన్నీ సరిగ్గా ఒకేలా తయారుకావు. బ్రైట్‌నెస్ ఎక్కువున్నప్పుడు ఆ తేడా కనిపించదు. బాగా తగ్గించినప్పుడు పారే కరెంటు అతి స్వల్పం కాబట్టి చిన్న తేడా కూడా రంగుగా బయటపడుతుంది. చూసే ముందు ఆటో బ్రైట్‌నెస్, నైట్ లైట్, గదిలో వెలుతురును బట్టి రంగు మార్చే సెట్టింగ్, మూడూ ఆపండి. ఇవి ఆపకుండా చూసి ఫోన్ వెనక్కి పంపేసేవాళ్లు చాలామంది. చీకటి గదిలో ముదురు బూడిదరంగు బొమ్మ (నలుపు 0, తెలుపు 255 అనుకుంటే 25–30 దగ్గరిది) పెట్టి, బ్రైట్‌నెస్ 10 శాతానికి తగ్గించి, 30 సెంటీమీటర్ల దూరం నుంచి నేరుగా చూడండి. తెరంతా ఒకే ఛాయలో ఉంటే అది క్యాలిబ్రేషన్ (రంగులు సరిచూసి అమర్చడం) తేడా. సగం గులాబీగా, సగం పచ్చగా ఉంటే ప్యానెల్ అసమానంగా ఉన్నట్టు. ఫోటో తీసి నిర్ణయించకండి, కెమెరా ఈ తేడాని ఎక్కువచేసి చూపిస్తుంది. 30 శాతం బ్రైట్‌నెస్ దగ్గర మాయమైపోతే నేనైతే మార్పించమని చెప్పను. తర్వాత వచ్చే ప్యానెల్ ఇంకా అధ్వానంగా ఉండొచ్చు.

ఇక సందు. ప్రింటర్‌లో వాడే కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటర్. దాని మూలని బలం పెట్టకుండా అంచు చుట్టూ నడిపించండి. నాలుగు వైపులా ఒకేలా ఆగితే అది డిజైన్. కుడివైపు మాత్రమే లోపలికి దిగుతుంటే తెర సరిగ్గా కూర్చోలేదు. అలాంటి ఫోన్‌కి ఐపీ68 రేటింగ్ ఉన్నా దాన్ని నమ్ముకోలేం. ఆ అంకెల్లో 6 దుమ్ముకి, 8 నీళ్లలో మునగడానికి, రెండూ సీల్ చెక్కుచెదరకుండా ఉంటేనే. తర్వాత ఫోన్‌ని చదునైన గాజు పలకమీద తెర కిందికి వచ్చేలా పెట్టి నాలుగు మూలలూ మెల్లగా తాకండి. ఊగితే ఫ్రేమ్ వంగి ఉంది. తెర గాజు వంపు తిరిగిన మోడల్ అయితే ఈ పరీక్ష కుదరదు. ఛార్జింగ్ పెట్టాక సందు పెరిగినట్టు అనిపిస్తే బ్యాటరీ ఉబ్బుతుందేమోనని అనుమానించాలి. ఛార్జింగ్ ఆపి, ఫోన్ ఆఫ్ చేసి, నొక్కకుండా వెనక్కి ఇచ్చేయండి. సూపర్ గ్లూతో పూడ్చే ప్రయత్నం చేయొద్దు. ఆ జిగురు ఆవిరి గాజు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది, మైక్ రంధ్రంలోకి దిగుతుంది, పైగా వారంటీ అడిగే హక్కూ పోతుంది. కాగితం ఒకవైపే దూరితే ఆలోచించకుండా మార్పించండి.

చప్పుడుకి పరీక్ష తేలిక. కెమెరా యాప్ తెరిచి ఫోన్‌ని మెల్లగా ఊపండి. చప్పుడు ఆగితే అది ఫోటో అదరకుండా చూసే స్టెబిలైజేషన్ లెన్స్. కరెంటు లేనప్పుడు వదులుగా ఉంటుంది, కెమెరా తెరవగానే అయస్కాంతాలు దాన్ని పట్టి ఉంచుతాయి. టెలిఫోటో (దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే) లెన్స్‌కీ ఇదే ఏర్పాటు ఉండొచ్చు, కాబట్టి లెన్స్ మార్చి కూడా ఊపండి. అయినా ఆగకపోతే బటన్లు, సిమ్ ట్రే ఒక్కొక్కటీ వేలితో పట్టుకుని ఊపి చూడండి. బటన్ కాస్త కదలడం మామూలే, నొక్కిన ప్రతిసారీ క్లిక్ పడితే చాలు.

మీరు అడగనివి రెండు మూడు ఉన్నాయి, నా దృష్టిలో నల్లచుక్క కంటే ఇవే ఎక్కువ నష్టం చేస్తాయి. ఒకటి, లెన్స్ ఒక పక్కకి ఒరిగి ఉండటం. వార్తాపత్రిక పేజీని గోడకి అంటించి, ఫోన్‌ని దానికి సమాంతరంగా, కదలకుండా నిలబెట్టి, పగటి వెలుతురులో ఫోటో తీయండి. నాలుగు మూలలనీ పెద్దవి చేసి చూడండి. మూలలన్నీ కొద్దిగా మసకబారడం సహజం. ఒక్క వైపే మసకైతే ఫోన్‌ని తలకిందులు చేసి మళ్లీ తీయండి. మసక కూడా పేజీ రెండోవైపుకి మారితే లెన్సే వంకర, ఏ అప్‌డేట్ దాన్ని బాగుచేయదు. ప్రతి కెమెరాకీ ఇలా చేయండి.

రెండోది టైప్-సి పోర్ట్. కేబుల్ ఒకవైపు పెట్టి ఛార్జ్ అవుతుందో చూసి, తిప్పి పెట్టి మళ్లీ చూడండి. కేబుల్ ఎటు తిరిగి ఉందో గుర్తుపట్టే కాంటాక్ట్ రెండు వైపులా వేరువేరు, అందుకే ఒకవైపే పనిచేసే పోర్ట్‌ని రోజూ వాడుతూ కూడా నెలల తరబడి గుర్తించకపోవచ్చు. ఇంకో కేబుల్‌తో కూడా ఇలాగే అయితే పోర్ట్‌దే తప్పు. టచ్ కోసం ఒక ఐకాన్‌ని వేలితో పట్టి తెరంతా వరుసలుగా తిప్పండి. ఎక్కడైనా జారిపడితే అక్కడే మళ్లీ ప్రయత్నించండి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే టచ్ పిచ్చిగా ప్రవర్తిస్తే ముందు అనుమానించాల్సింది ఛార్జర్‌ని. బ్యాటరీ గురించి మొదటి రెండు మూడు రోజుల్లో తీర్పు చెప్పకండి, అప్పుడు ఫోన్ యాప్‌లు దింపుకుంటూ, ఫోటోలు సింక్ చేస్తూ ఉంటుంది.

మార్పించాలని తేలితే *#06# కొట్టితే వచ్చే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య), పెట్టె మీద, బిల్లు మీద ఉన్న సంఖ్య ఒకటేనా అని చూసుకోండి. కాగితం దూరుతున్నట్టు, పిక్సెల్ రంగుల్లో కనిపిస్తున్నట్టు పది సెకన్ల వీడియోలు రెండు చాలు. "నాణ్యత బాలేదు" అని రాయకండి. "కుడి అంచున గాజు లేచి ఉంది, కాగితం దూరుతోంది" అని రాయండి. వెనక్కి ఇచ్చే ముందు బ్యాకప్ తీసి, ఈసిమ్ ఉంటే కొత్త ఫోన్‌కి మార్చుకుని, గూగుల్ లేదా ఆపిల్ ఖాతా నుంచి బయటికి వచ్చాకే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే ఫోన్ లాక్ అయ్యే ఉండొచ్చు, అప్పుడు దాన్ని తీసుకోవడానికి నిరాకరించవచ్చు. మార్చి ఇచ్చిన ఫోన్‌కి కూడా గ్లాస్ అంటించకముందే ఇవే పరీక్షలు చేయండి. రెండో ఫోన్‌లోనూ అదే చోట అదే సందు కనిపిస్తే మూడోది అడగకుండా డబ్బు వాపసు తీసుకుని వేరే మోడల్ చూసుకోండి.