మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే గ్రోత్ హార్మోన్, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిది ఒకటేనా?
ల్యాబ్‌కి అమ్మే రీకాంబినెంట్ (జీన్‌ను వేరే కణాల్లో పెట్టి తయారుచేసిన) ప్లాసెంటల్ గ్రోత్ హార్మోన్, పిట్యూటరీ హార్మోన్ ఒకటేనా అని అడిగారు. కాదండీ. రెండింటిలోనూ 191 అమైనో ఆమ్లాలే, కానీ 13 చోట్ల తేడా, జీన్ కూడా వేరు (జీహెచ్2, 17వ క్రోమోజోమ్). గర్భం సగం దాటాక తల్లి రక్తంలో పిట్యూటరీది బాగా తగ్గిపోయి, మాయలో తయారయ్యే ఇదే ఆ స్థానం తీసుకుంటుంది, అదీ విడతలుగా కాకుండా ఆగకుండా విడుదలవుతూ. బిడ్డ రక్తంలోకి మాత్రం వెళ్లదు. గర్భిణుల్లో ఇన్సులిన్ పనితనం ఎందుకు తగ్గుతుందో తెలుసుకోవడానికి ఇది చాలా విలువైనది. కొనేముందు ఒకటి తప్పకుండా చూడండి: ఈ.కోలై బ్యాక్టీరియాలో చేసినదైతే 140వ అమైనో ఆమ్లం దగ్గర ఉండే చక్కెర గొలుసు ఉండదు, మీ ప్రయోగానికి అది కావాలంటే క్షీరద కణాల్లో చేసినదే అడగండి. ఇది పరిశోధనకే, దయచేసి ఒంట్లోకి ఎక్కించుకోవద్దు.