చిన్న సంస్థలు కూటమి కట్టాలంటే రిజిస్ట్రేషన్‌తో మొదలుపెట్టాలా?

ప్రశ్న: మా పట్టణంలో ఒక వృద్ధాశ్రమం, మానసిక దివ్యాంగ పిల్లల డే కేర్, మహిళల కౌన్సెలింగ్ సెంటర్ విడివిడిగా నడుస్తున్నాయి. విరాళాలు బాగా తగ్గాయి. అందరం కలిసి ఒక సమాఖ్యగా రిజిస్టర్ అయితే నిలదొక్కుకుంటామా?

జవాబు: కలిస్తే నిలదొక్కుకోవచ్చు. రిజిస్ట్రేషన్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. గోదావరి తీరంలో ఒక చిన్న పట్టణంలో మీలాంటి సంస్థలే కోవిడ్ తర్వాత కూటమిగా ఏర్పడ్డాయి. వాటి లెక్కలు చూసేది నేనే. అక్కడ చూసింది చెబుతాను.

మొదటి సమావేశాలన్నీ కూటమికి ఏ పేరు పెట్టాలి, అధ్యక్షుడు ఎవరు, లెటర్‌హెడ్ మీద ఎవరి ఫోన్ నంబర్ ఉండాలి అన్న చర్చతోనే గడిచిపోయాయి. ఒకటి చర్చి పెద్దలు పెట్టిన సంస్థ, ఒకటి కుల సంఘం వాళ్లది, ఇంకొకటి రిటైరైన టీచర్లది. ఎవరి అభిమానం వాళ్లకుంటుంది కదా! చివరికి టీచర్లలో ఒకాయన విసుగొచ్చి, ‘అసలు మీ అందరికీ రాత్రి నిద్ర పట్టనివ్వని పని ఏంటో చెప్పండి’ అన్నారు. అందరి నోటా ఒకటే మాట వచ్చింది: లెక్కలు. 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) రెన్యువల్స్, ఆడిట్, దాతల వివరాల స్టేట్‌మెంట్ మే 31 లోపు వేయడం, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు. పూర్తికాలం అకౌంటెంట్‌ని పెట్టుకునే స్తోమత ఏ ఒక్కరికీ లేదు. అందరికీ కలిపి ఒక మనిషిని పెట్టుకున్నారు. ఆ మనిషిని నేనే.

ఇక్కడొక కిటుకు ఉంది. నా జీతం కూటమి ఇవ్వదు. ఏ సంస్థ వాటా ఆ సంస్థే నేరుగా నా ఖాతాలో వేస్తుంది. ఎందుకంటే ఒక ట్రస్టు ఇంకో ట్రస్టుకు విరాళంగా డబ్బు పంపిస్తే, అందులో 85 శాతాన్నే సేవకు పెట్టిన ఖర్చుగా లెక్కలోకి తీసుకునేలా 2023 బడ్జెట్‌లో ఆదాయపు పన్ను చట్టం మార్చారు. విదేశీ నిధుల సంగతైతే ఇంకా కఠినం. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బును ఒక సంస్థ మరో సంస్థకు ఇవ్వడం పూర్తిగా నిషేధం, పాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పైన ఒక పెద్ద సంస్థ డబ్బు తెచ్చి కింద చిన్నవాటికి పంచే పాత పద్ధతి మీద ఆశ పెట్టుకుంటే మీ సమాఖ్య కాగితం మీదే మిగిలిపోతుంది. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఒప్పందం రాసుకునే ముందు మీ ఆడిటర్‌ని ఒకసారి అడగండి.

చాలామంది డ్వాక్రా సంఘాలను ఉదాహరణగా చూపిస్తారు. గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అని మెట్లుమెట్లుగా నిలబడ్డాయి కదా, మనం ఎందుకు అలా చేయలేం అని. వాళ్లకు పొదుపు ఉంది, అప్పు ఉంది, వడ్డీ వస్తుంది. వృద్ధాశ్రమానికి వడ్డీ ఎక్కడినుంచి వస్తుంది?

మాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది భోజనాల క్యాలెండర్. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. మన దగ్గర దాతల్లో ఎక్కువమంది పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో, తద్దినానికో ఒక పూట భోజనం పెట్టిస్తారు. అందరికీ ఆదివారమే కావాలి, అందరికీ వృద్ధాశ్రమమే కావాలి. ఆగస్టు 15న, లోకల్ నాయకుడి పుట్టినరోజున ఒకే చోటికి రెండు మూడు క్యారేజీలు వచ్చేవి. అన్నం మిగిలిపోయేది, షుగర్ ఉన్న ముసలివాళ్లు మొహమాటానికి స్వీట్లు తినేవాళ్లు. అదే రోజు డే కేర్ పిల్లలకు బయట హోటల్ నుంచి సాంబారన్నం తెచ్చిపెట్టేవాళ్లు. ఇప్పుడు ఫోన్ ఎవరికొచ్చినా ఒకే క్యాలెండర్ చూసి, ‘ఆ రోజు ఇక్కడ నిండిపోయిందండీ, పిల్లల దగ్గర ఖాళీగా ఉంది, అక్కడ పెట్టిస్తారా’ అని అడుగుతారు. చాలామంది సరేనంటారు. కొందరు ఒప్పుకోరు, వాళ్లను బలవంతం చేయం. ఆపైన ఇంకో మాట కూడా అడగడం మొదలుపెట్టాం: ‘భోజనం బదులు ఆ రోజు ఆయమ్మ జీతం ఇస్తారా?’ దీనికి ఒప్పుకునేవాళ్లు తక్కువ. అన్నానికి ఇచ్చినంత తేలిగ్గా జీతానికి ఎవరూ ఇవ్వరు. కానీ పక్క తడిస్తే మార్చేదీ, ఫిట్స్ వచ్చిన పిల్లాణ్ని పట్టుకునేదీ ఆ ఆయమ్మే. ఈ మాట ఒక్కో సంస్థ విడిగా అడిగితే ‘జీతాలకు వాడుకుంటున్నారు’ అన్నారు. అందరూ కలిసి ఒకే మాట చెప్పాక ఆ అనుమానం కొంత తగ్గింది.

విరాళాలు తగ్గడానికి ఒక కారణం కూడా గమనించండి. కొత్త పన్ను విధానంలో 80జీ మినహాయింపు లేదు, ఇప్పుడు ఉద్యోగుల్లో చాలామంది అందులోనే ఉన్నారు. రసీదు కోసం ఇచ్చేవాళ్లు తగ్గారు, మనిషిని చూసి ఇచ్చేవాళ్లు మిగిలారు. అందుకే దాతల జాబితా ఎవరిది వాళ్ల దగ్గరే ఉంచుకోవాలని మొదటిరోజే రాసుకోండి. అందరి లోపలా ఉండే భయం అదే, పైకి మాత్రం చెప్పరు.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు విషయంలో కూటమి బాగా పనికొస్తుంది. చిన్న చిన్న ప్రతిపాదనలు చదవడానికి వాళ్లకు ఓపిక ఉండదు. మేం ఒకే ప్రతిపాదన రాసి, ఒప్పందాలు మాత్రం కంపెనీతో ఎవరికి వారు విడిగా చేసుకుంటాం. ప్రతి సంస్థకూ కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర చేసుకునే సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్, కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. ‘5 శాతానికి మించి పాలనా ఖర్చులు ఇవ్వకూడదండీ’ అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. ఆ పరిమితి కంపెనీ తన సొంత సీఎస్‌ఆర్ విభాగం నిర్వహణకు పెట్టుకునే ఖర్చు మీద. ప్రాజెక్టులో పనిచేసే ఫిజియోథెరపిస్ట్ జీతానికి దానితో సంబంధం లేదు. ఇది తెలియక నోరు మూసుకుని వెనక్కి వచ్చిన సంస్థలను చాలా చూశాను.

ఒప్పందం రెండు పేజీలు చాలు. ఏ పని కలిపి చేస్తాం, ఎవరి వాటా ఎంత, బయటికి వెళ్లాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, అంతే. ఏడాది రెండేళ్లు సజావుగా సాగాక కూడా సమాఖ్య కావాలనిపిస్తే 2001 సొసైటీల చట్టం ఉండనే ఉంది, కనీసం ఏడుగురు సభ్యులు చాలు.

ఆ రెండు పేజీల్లో మరొకటి తప్పకుండా రాయండి: సభ్య సంస్థల్లో ఒకటి మూతపడితే అక్కడున్నవాళ్లను ఎవరు తీసుకుంటారు అని. మా దగ్గర ఒక చిన్న ఆశ్రమం నిజంగానే మూతపడింది. అక్కడి పెద్దవాళ్లను మిగతా చోట్లకు సర్దగలిగామంటే ఏ చోట ఎన్ని మంచాలు ఖాళీ ఉన్నాయో, ఎవరికి ఏ మందులో ముందే రాసిపెట్టి ఉండటం వల్లే. మీ దగ్గర రాత్రుళ్లు ఉండే పిల్లల హోమ్ కూడా ఏదైనా కలిస్తే మాత్రం జాగ్రత్త. పిల్లలను ఒక చోటినుంచి ఇంకో చోటికి మీ అంతట మీరు మార్చకూడదు, జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు ఉండాలి. ఆ కమిటీ వాళ్లను ఇప్పుడే కలిసి పరిచయం చేసుకోండి.