కార్డుకి సర్టిఫికెట్ ఉంది, మరి డిష్‌కో?

ప్రశ్న: మాది గిద్దలూరు దగ్గర పల్లె. ఒక ఇంటర్నెట్ కంపెనీ ఫ్రాంచైజీ తీసుకుని 6 కిలోమీటర్ల దూరంలోని ఊరికి వైర్‌లెస్‌లో నెట్ ఇస్తున్నాను. విదేశం నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించిన 600 మిల్లీవాట్ల 2.4 గిగాహెర్ట్జ్ కార్డు, 24 డీబీఐ గ్రిడ్ డిష్ వాడుతున్నాను. పొలంలో 60 అడుగుల టవర్ వేశాను. కార్డు మీద ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) నంబరు ఉంది. నా వల్ల తన సిగ్నల్ పోతోందని పక్క ఆపరేటర్ కేసు పెడతానంటున్నాడు. ఫ్రీ బ్యాండే కదా, నాకేమైనా ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే. అయితే అది ఆయన బెదిరింపు వల్ల కాదు, మీ డిష్ వల్ల, టవర్ వల్ల.

1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేసింది. 2.4 బ్యాండ్‌కి 2005 జనవరి నిబంధనలు మినహాయింపు ఇచ్చాయి, కానీ షరతులతో. కార్డు పవర్ 1 వాట్ దాటకూడదు. యాంటెన్నాతో కలిపి బయటికి వెళ్లే పవర్ 4 వాట్లు, అంటే 36 డీబీఎం (పవర్‌ని కొలిచే ఇంకో కొలత) దాటకూడదు. యాంటెన్నా ఎత్తు, అనుమతి ఉన్న భవనం పైకప్పు మీద 5 మీటర్ల లోపే. షరతు దాటితే మినహాయింపు పోతుంది, మీరు లైసెన్సు లేనివారి కిందికి వస్తారు.

మీ లెక్క చూద్దాం. 600 మిల్లీవాట్లంటే దాదాపు 28 డీబీఎం. దానికి డిష్ గెయిన్, అంటే సిగ్నల్‌ని ఒకే వైపుకి కూడగట్టే బలం, 24 కలిపి, కేబుల్‌లో 2 పోయాయనుకుంటే 50. అంటే 100 వాట్లు! కార్డు విడిగా చూస్తే నిబంధనలోనే ఉంది. డిష్ తగిలించాకే గీత దాటింది. అమ్మేవాడు ఈ ముక్క చెప్పడు. నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా అమెరికా రూల్స్ మీద రాసినవి. అక్కడ ఈ బ్యాండ్‌లో పాయింట్-టు-పాయింట్ (ఒక చోటి నుంచి ఒకే చోటికి వెళ్లే) లింకుకి కొంత సడలింపు ఉంది, 2005 నిబంధనల్లో లేదు.

ఎఫ్‌సీసీ నంబరు ఇక్కడ అనుమతి పత్రం కాదు. మనకు కావలసింది టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ (రేడియో తరంగాల వ్యవహారం చూసే) విభాగం నుంచి ఈటీఏ, అంటే పరికరానికి ఇచ్చే ఆమోదం. దాన్ని ఆ శాఖ ఆన్‌లైన్ పోర్టల్ సరళ్ సంచార్‌లో టెస్ట్ రిపోర్టుతో తీసుకోవాలి. అసలు అమెరికాలోనే, పరీక్షించిన రకం యాంటెన్నా, అంతే గెయిన్ లేదా అంతకన్నా తక్కువ ఉంటేనే ఆ ఎఫ్‌సీసీ అనుమతి వర్తిస్తుంది. చిన్న యాంటెన్నాతో పరీక్షించిన కార్డుకి మీరు గ్రిడ్ డిష్ పెడితే అక్కడా చెల్లదు.

సరిదిద్దుకోవడం కష్టమేం కాదు. కార్డు పవర్‌ని 14 డీబీఎంకి, అంటే 25 మిల్లీవాట్లకి తగ్గించండి. లింక్ పడిపోతుందని టెన్షన్ వద్దు. పరిమితి ప్రసారానికే గానీ అందుకునే డిష్ గెయిన్‌కి కాదు. అవతల కూడా 24 డీబీఐ డిష్ ఉండి, మధ్యలో చెట్లూ గుట్టలూ అడ్డం లేకపోతే 6 కిలోమీటర్లకి సిగ్నల్ మైనస్ 58 డీబీఎం దగ్గర ఉండాలి. అది బాగా సరిపోతుంది. అవతలి కార్డుకీ ఇదే పరిమితి. పైగా ఇలాంటి కార్డుల మీద రాసే 600 మిల్లీవాట్లు మామూలుగా తక్కువ స్పీడు దగ్గర వచ్చేవి. స్పీడు పెరిగేకొద్దీ కార్డే పవర్ తగ్గించుకుంటుంది. డిష్‌ని టవర్ దించి ఏదైనా మేడ మీదికి మార్చండి.

ఇక పక్క ఆపరేటర్. ఈ బ్యాండ్‌లో ఎవరికీ రక్షణ లేదు, ఎవరికీ హక్కు లేదు. మీరిద్దరూ పరిమితిలో ఉంటే సిగ్నల్ గొడవ పడుతోందన్న ఒక్క కారణంతో ఆయన కేసు నిలవడం కష్టం. కానీ ఇప్పుడు ఆయన రేడియో సిగ్నళ్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్‌కి రాస్తే, వాళ్లు వచ్చి కొలిస్తే, మీ దగ్గర చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ముందు పవర్ తగ్గించి, సెట్టింగ్ తేదీతో ఫోటో తీసి పెట్టుకుని, చానెళ్లు పంచుకుందామని ఆయనకి ఒక ఉత్తరం రాయండి.

ఫ్రాంచైజీ ఒప్పందం కూడా ఒకసారి తిరగేయండి. ఆ కంపెనీ లైసెన్సు కింద, దాని పేరు మీద కనెక్షన్లు ఇస్తున్నట్టు, వైర్‌లెస్ లింకుకి ఒప్పుకున్నట్టు అందులో ఉండాలి. మామూలు లీజు లైన్ తీసుకుని తిరిగి అమ్ముతుంటే వ్యవహారం వేరు. అనుమతి లేని టెలికాం సేవకి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్‌లో మూడేళ్ల వరకు జైలు, 2 కోట్ల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ఒప్పందం కాపీ పంపితే ఆ క్లాజు చూసి చెబుతాను.