వత్తులు తెగిపోతున్నాయి!

ప్రశ్న: మా కాలనీ సంఘం వెబ్‌సైట్ వర్డ్‌ప్రెస్‌ (వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్)లో ఉంది. సైటు రూపాన్ని నిర్ణయించే థీమ్‌ను అప్‌డేట్ చేయగానే నేను మార్చిన రంగులు, మండలి అనే తెలుగు ఫాంటు పోయాయి. శీర్షికల్లో అక్షరాల కింది వత్తులు తెగుతున్నాయి. ఏం చేయాలండీ?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మా గ్రంథాలయం సైటుకీ ఇదే జరిగిందమ్మా, రాత్రంతా కూర్చుని మళ్లీ రాశాను. థీమ్ సొంత ఫైళ్లలో రాసినదాన్ని అప్‌డేట్ తుడిచేస్తుంది. చైల్డ్ థీమ్ (అసలు థీమ్‌ను ముట్టుకోకుండా మీ మార్పులను విడిగా ఉంచే థీమ్) పెట్టుకోండి: వేరే ఫోల్డరు, అందులో రంగులు, ఫాంట్లు రాసే స్టైల్.సీఎస్ఎస్ ఫైలు, దాని పైభాగాన 'టెంప్లేట్' వరుసలో అసలు థీమ్ ఫోల్డరు పేరు. పేజీ బోసిగా కనిపిస్తే, అదే ఫోల్డరులో ఫంక్షన్స్.పీహెచ్‌పీ అనే ఫైలులో అసలు థీమ్ స్టైల్‌ను జతచేయండి.

వత్తుల సంగతి వేరు. ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయే లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.2 మనకు చాలదు. 'స్త్రీ' చూడండి, సకారం కింద తకారం, రకారం రెండూ ఇమడాలి కదా! 1.7 పెట్టండి. అప్పటికీ తెగితే శీర్షిక పెట్టెకున్న, పెట్టె దాటినదాన్ని దాచేసే 'ఓవర్‌ఫ్లో: హిడెన్' తీసేయండి. ముందు బ్యాకప్ మాత్రం మరవకండి.