ఖాట్మండూనా, థింఫూనా?

చిరంజీవి లలితకు మేనత్త ఆశీస్సులు.

దసరా సెలవుల్లో నువ్వు ఒక్కదానివే దేశం దాటి వెళ్తున్నావని, నేపాల్ రాజధాని ఖాట్మండూకా, భూటాన్ రాజధాని థింఫూకా అన్నది ఇంకా తేల్చుకోలేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే గుండెల్లో రాయి పడింది. గంట తిరక్కుండానే పక్కింటావిడతో "మా మేనకోడలు తన సంపాదనతో తానే ప్రయాణం పెట్టుకుంది" అని గొప్పలు కూడా పోయాను. కాబట్టి ఈ ఉత్తరంలో ఏ మాట భయంతో అన్నానో, ఏ మాట తెలిసి అన్నానో నువ్వే వేరు చేసుకో.

ముందు కాగితాలు. రెండు దేశాలకూ మనకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంటే చాలు. భూటాన్‌కు మాత్రం ప్రవేశ అనుమతి కూడా తీసుకోవాలి. ఆధార్ పట్టుకుని విమానాశ్రయానికి వెళ్లకు. నేపాల్ ప్రయాణానికి అది 15 ఏళ్లలోపు పిల్లలకు, 65 దాటిన పెద్దలకు చెల్లుతుంది. నువ్వు పిల్లవీ కావు, ముసలిదానివీ కావు. భూటాన్‌లో మన దేశస్థులు తలకు రాత్రికి 1,200 రూపాయల చొప్పున ప్రభుత్వ రుసుము కట్టాలి. నేపాల్‌లో అలాంటిది లేదు. మన వంద రూపాయలకు అక్కడ 160 వస్తాయి. భూటాన్ డబ్బు మన రూపాయితో సమానం. ఈ లెక్కలు నాకంటే నీకే బాగా వస్తాయి, వదిలేస్తున్నాను.

అసలు చెప్పవలసింది వేరే ఉంది. "రెండూ దగ్గరదగ్గరే కదా, ఒకే వారంలో చూసేస్తే పోలా" అన్నావట. ఆ మాట వినగానే మీ మామయ్య గొంతు వినిపించింది.

ఆయనా సరిగ్గా ఇలాగే అన్నారు. అది జనవరి నెల. కాగితం మీద గళ్లు గీసి, ఏ పూట ఏ గుడి, ఏ పూట ఏ భోజనం అన్నీ రాసుకున్నారు. ఖాట్మండూలో పశుపతినాథుడి దర్శనం అయిందో లేదో బౌద్ధనాథ్ అన్నారు. బౌద్ధనాథ్ స్తూపం చుట్టూ టిబెట్ ముసలమ్మలు జపమాలలు తిప్పుకుంటూ ప్రదక్షిణ చేస్తున్నారు. నేనూ వాళ్ల వెనకే నడుస్తున్నాను. ఒకావిడ నా బోసి తలను చూసి, తన శాలువా కొస పైకి లాగి చూపించి, కప్పుకోమని సైగ చేసింది. చలికి నా చెవులు ఎర్రబడ్డాయట. నేను కొంగు కప్పుకునేలోపే మీ మామయ్య టాక్సీ తలుపు తెరిచి పిలిచారు. కొండ మీది స్వయంభూనాథ్ స్తూపానికి మెట్లు 365. అవి కూడా పరుగున ఎక్కించారు. పైకి చేరాక నాకు ఊరు కనిపించలేదు, కళ్లు బైర్లు కమ్మడమే కనిపించింది.

మర్నాడు పారో విమానం. థింఫూలో విమానాశ్రయం లేదు తల్లీ; పారోలో దిగి కారులో వెళ్లాలి. పారో చుట్టూ ఎత్తైన కొండలు, మధ్యలో ఇరుకు లోయ. అక్కడ దిగడానికి కొద్దిమంది పైలట్లకే అనుమతి ఉంటుంది. వాళ్లూ కళ్లతో చూస్తూ, పగటివేళే దించుతారు. మధ్యాహ్నమైతే లోయలో గాలి లేస్తుంది కనుక పొద్దున్నే దిగాలి. జనవరిలో ఖాట్మండూలో పొద్దున్నే పొగమంచు కమ్ముకుంటుంది. ఈ రెండు ముక్కలు కలిపి ఆలోచించి ఉంటే ఆయన ఆ గళ్లు గీసేవారే కాదు. మంచు విడిచేసరికి పారోలో గాలి లేచింది. ప్రయాణం మర్నాటికి మారింది. ఆ పగలంతా విమానాశ్రయంలో ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. థింఫూ హోటలుకు ముందే కట్టిన డబ్బు పోయింది. "ఎడమవైపు కిటికీ తీసుకో, ఎవరెస్టు చూపిస్తా" అని నెల రోజులు ఊరించారు గదా, ఆఖరికి వెళ్లిన రోజు కింద మబ్బు, పైన మబ్బు.

ఇంకా ఉంది. నేపాల్ గడియారం మనకంటే పావుగంట ముందు, భూటాన్‌ది అరగంట ముందు. "ఈ పావుగంటకీ అరగంటకీ గడియారం తిప్పుకుంటామా" అని ఆయన చేతి గడియారం మన టైములోనే ఉంచేశారు. థింఫూలో తాషిఛో జోంగ్ అని పెద్ద కోట ఉంది. ప్రభుత్వ కార్యాలయాలూ మఠమూ అందులోనే ఉంటాయి కనుక, పని రోజుల్లో ఆఫీసులు మూశాక సాయంత్రం పూటే లోపలికి వెళ్లనిస్తారు, అదీ కాసేపే. జెండా దించే వేడుక చూడాలని నేను పొద్దుటి నుంచీ చెబుతున్నాను. సరిగ్గా ఆ అరగంట ఆలస్యంగా చేరాం. ఇప్పటికీ ఆయన ఆ తప్పు మంచుదే అంటారు.

అందుకే ఒకటే ఊరు. దానిలో కూడా చివర ఒక రోజు ఖాళీగా ఉంచుకో. ఇది నా భయం అనుకున్నా సరే, ఉంచుకో.

ఇక ఏ ఊరు? నన్నడిగితే ముందు తేదీ తేల్చుకో, ఊరు దానంతట అదే తేలుతుంది. దసరాకే వెళ్తానంటే థింఫూ. దసరా ఖాట్మండూలో ఇంటి పండుగ. వాళ్లు దశైన్ అంటారు. ఊళ్లో చాలామంది సొంత పల్లెలకు వెళ్లిపోతారు, దుకాణాలు మూసేస్తారు. పెద్దలు పిల్లలకు నుదుట తిలకం పెట్టి దీవిస్తుంటారు. ఒంటరిగా వెళ్లిన నీకు మూసిన తలుపులే కనిపిస్తాయి. (హనుమాన్ ఢోకా అనే పాత రాజభవనంలో తలేజు అమ్మవారి గుడిలోకి మామూలు జనాన్ని మహర్నవమి ఒక్కరోజే రానిస్తారు. ఆ వరుసలో నిలబడే ఓపిక ఉంటే అది వేరే మాట.) థింఫూలో కొన్నేళ్లు అవే రోజుల్లో, కొన్నేళ్లు నెల ముందే త్షేచు ఉత్సవం వస్తుంది, ఆ కోట పక్కనే; తేదీ చూసుకో. లామాలు ముసుగులు వేసుకుని నాట్యం చేస్తారు. జనం తమ మంచి బట్టలు కట్టుకుని, అన్నం డబ్బాలు తెచ్చుకుని నేల మీద కూర్చుంటారు. నువ్వూ వాళ్ల పక్కన కూర్చోవచ్చు. హోటళ్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి ఇప్పుడే చూసుకో. ఎమా దాత్షి అని పచ్చిమిరపకాయలనే కూరగా చీజ్‌లో వండి పెడతారు. నువ్వు కారం తింటానని బడాయి పోతావు కదా, అక్కడ తేలుతుంది.

నిజం చెప్పనా? నా భయం మాత్రం ఎప్పుడైనా సరే థింఫూకే పొమ్మంటుంది. కూడలిలో సిగ్నల్ దీపం కూడా లేని రాజధాని అది. తెల్ల గ్లవ్స్ వేసుకున్న పోలీసు చేతులతోనే బళ్లను నడిపిస్తాడు. ఖాట్మండూ అనగానే నాకు 2015 ఏప్రిల్ 25 గుర్తొస్తుంది. భూకంపంలో ధరహరా స్తంభం, కాష్ఠమండపం కూలాయి, దేశంలో దాదాపు 9,000 మంది పోయారు. 2025 సెప్టెంబరులో కుర్రాళ్ల ఆందోళనలో ప్రభుత్వ కార్యాలయాలుండే సింహ దర్బార్ తగలబడింది, విమానాశ్రయం మూసేశారు. ఆ రోజు టీవీ ముందు కూర్చుని, అక్కడ మనవాళ్లెవరూ లేకపోయినా వణికిపోయాను.

కానీ నువ్వు నా మేనకోడలివి, నీ తత్వం నాకు తెలుసు. చక్కగా అమర్చి పెట్టిన చోట నీకు మూడో రోజుకే విసుగొస్తుంది. చిన్నప్పుడు తిరునాళ్లలో నిన్ను వెతకడానికి వెళ్తే, గాజుల కొట్టు వెనక అమ్మే మనిషితో కలిసి పెట్టెలు సర్దుతూ దొరికావు. అలాంటి పిల్లకు ఖాట్మండూయే. అసన్ బజారులో మసాలాల బస్తాల మధ్య దారి తప్పు. ఖాట్మండూ పక్కనే ఉన్న భక్తపూర్‌లో 1702లో కట్టిన అయిదంతస్తుల న్యాతపోల గుడి మెట్ల మీద కూర్చో. భూకంపానికి కూడా అది నిలబడింది. పశుపతినాథ్‌లో పూజ చేసే భట్టులు కర్ణాటక నుంచి వెళ్లినవాళ్లే. తోలు బెల్టు, తోలు సంచి లోపలికి తీసుకెళ్లకు. బాగమతి ఒడ్డున చితులు కాలుతుంటాయి. చూడు, భయపడకు, ఫోను మాత్రం బయటికి తీయకు.

అలా అయితే దసరాకు కాదు, దీపావళికి వెళ్లు. వానలు తగ్గిపోతాయి, కొండలు కనిపిస్తాయి. నరక చతుర్దశి నాడు అక్కడ కుక్కలకు బొట్టు పెట్టి, బంతిపూల దండలు వేసి, కడుపునిండా తినిపిస్తారు. వీధి కుక్కకైనా సరే, పోలీసు కుక్కకైనా సరే. ఇంటికొచ్చిన ప్రతి కుక్కపిల్లనూ దాచిపెట్టి మీ అమ్మ చేత చీవాట్లు తిన్నదానివి, అది చూడకుండా ఎలా ఉంటావు? పండగకు కూతురు ఇంట్లో లేదని మీ అమ్మ అలుగుతుంది. ఆమెకు నేను చెప్పుకుంటాను.

ఒక్క షరతు. ఖాట్మండూ నుంచి పోఖరాకు రాత్రి బస్సు ఎక్కనని మాటివ్వు. ఆ కొండదారుల్లో చరియలు విరిగిపడతాయి; పోవాలనిపిస్తే పగలు వెళ్లు. రోజూ రాత్రి పడుకునే ముందు ఒక మెసేజి పెట్టు, "బాగున్నా" అన్న ముక్క చాలు. చెవులకు ఉన్ని టోపీ నేను అల్లుతున్నాను, రంగు నచ్చకపోయినా పెట్టుకో.

టికెట్టు కొనేముందు నాకు ఫోన్ చెయ్యి. మీ మామయ్య తీస్తే సలహా అడగకు, ఆయన ఇప్పటికే నీకోసం కాగితం మీద గళ్లు గీస్తున్నారు.

నీ
అత్తయ్య