ఆ వాక్యానికి కర్త ఎవరు?

అమ్మలూ,

నీ పేపర్ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. "బాగుందో లేదో ఒక్క ముక్కలో చెప్పు పెద్దమ్మా" అన్నావు కదా, ఒక్క ముక్కలో చెప్పడం నావల్ల కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

పెన్సిల్ ముందు శీర్షిక దగ్గరే ఆగింది. 'రియాలిటీ డేటింగ్ షోలు: సమాజంపై ప్రభావం' అట. ఏ షోలు? సమాజమంటే ఎవరెవరు? ప్రభావాన్ని దేంతో కొలిచావు? 1965లో మొదలైన 'ది డేటింగ్ గేమ్'ని, 2020లో వచ్చిన 'లవ్ ఈజ్ బ్లైండ్'ని ఒకే పేరాలో ఒకే గాటన కట్టేశావు. మొదటిదాంట్లో అడ్డుగోడకు అవతల ముగ్గురు అబ్బాయిలు కూర్చుంటారు. ఇవతల నుంచి అమ్మాయి చిలిపి ప్రశ్నలు వేసి ఒకడిని ఎంచుకుంటుంది. గెలిచినవాడికి దక్కేది ఒక డేట్. రెండోదాంట్లోనూ గోడే ఉంది, కానీ దానికి చెరోవైపు కూర్చున్నవాళ్లు ముఖం చూసుకోకుండానే పెళ్లికి ఒప్పుకుంటారు. యాభై ఏళ్లు దాటినా గోడ అలాగే ఉంది, గోడ అవతల పెట్టిన పందెం మాత్రం డేట్ నుంచి పెళ్లి దాకా పెరిగింది. ఎందుకు పెరిగింది? నన్నడిగితే నీ పేపర్ మొత్తం ఆ ఒక్క గోడ మీదే రాయొచ్చు. నువ్వేమో దాన్ని రెండు వాక్యాల్లో దాటేసి సమాజాన్ని ఉద్ధరించే పనిలో పడ్డావు.

ఇంకో సంగతి. చివరి పేజీలో 'ఈ షోలు యువతను పెడదారి పట్టిస్తున్నాయి' అని తీర్పు చెప్పేశావు. పోయిన నెల ఫోన్లో నువ్వేమన్నావో గుర్తుందా? ఒక్క ఎపిసోడ్ కూడా వదలనన్నావు, పరీక్షల ముందు రోజు కూడా చూశానని నవ్వావు. ఆ పిల్ల ఈ పేపర్లో ఎక్కడా కనబడలేదు. లెక్చరర్ ఏమనుకుంటారోనని టెన్షన్ పడి, ఇష్టాన్ని దాచేసి, పెద్దమనిషి గొంతు అరువు తెచ్చుకున్నావు. అన్ని గంటలు కళ్లప్పగించి చూసింది వృథా పోలేదు, అదే నీ పెట్టుబడి. ఎక్కడ సంగీతం మారగానే నీకు గుండె దడ మొదలైందో, ఎవరిని మూడో ఎపిసోడ్‌కే అసహ్యించుకున్నావో నీకు బాగా తెలుసు. ఆ అసహ్యం నీలో ఎలా పుట్టింది? అక్కడ మొదలుపెట్టు.

ఇప్పుడు అసలు విషయం. ఆరో పేజీ తీసి చూడు. 'ఆమె అసూయతో రగిలిపోయింది' అని రాశావు. నీకెలా తెలుసు?

ఆ సీన్ నేనూ చూశాను. నువ్విచ్చిన నిమిషం దగ్గరే పెట్టుకుని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఆమె సోఫాలో కూర్చుని మాట్లాడుతూ ఉంటుంది. 'నాకు ఇది' అన్నంతవరకు ముఖం కనిపిస్తుంది. ఆ వెంటనే తెర మీద స్విమ్మింగ్ పూల్, పక్కన నవ్వుకుంటున్న జంట. గొంతు మాత్రం ఆగదు: 'అస్సలు భరించలేనిది'. చెవి పెట్టి విను. ఆ రెండో సగంలో గొంతు కొంచెం తగ్గింది, వెనకాల వినబడే గది చప్పుడు కూడా మారింది. ఆ రెండు సగాలూ ఒకే ఊపిరిలో అన్నవి కాకపోవచ్చు. ఒకే రోజు అన్నవి కూడా కాకపోవచ్చు. వేర్వేరు చోట్ల అన్న మాటల్ని అతికి ఒకే మాటగా వినిపించడాన్ని ఆ రంగంలో ఫ్రాంకెన్‌బైట్ అంటారు. ఇక్కడ కచ్చితంగా అదే జరిగిందని నేననడం లేదు. ముఖం తెర మీద నుంచి తప్పుకుని గొంతు మిగిలిన చోటల్లా నీ పెన్ను ఒకసారి ఆగాలి అంటున్నాను.

ఆ ఒంటరి ఇంటర్వ్యూల సంగతీ అంతే. కెమెరా పక్కన ఒక ప్రొడ్యూసర్ కూర్చుని ప్రశ్నలు వేస్తారు, తర్వాత ఆ ప్రశ్నను కోసేస్తారు. జవాబు మాత్రం తనంతట తాను పొంగుకొచ్చిన మాటలా మనకు చేరుతుంది. 'వాళ్లిద్దర్నీ చూస్తే నీకు కోపం రాలేదా?' అని పదిసార్లు అడిగితే పదకొండోసారికి ఎవరికైనా కోపం వస్తుంది.

ఈ మాటలు ఒడ్డున కూర్చుని చెబుతున్నానని అనుకోకు. వారపత్రికకు టీవీ కాలమ్ రాస్తున్న తొలిరోజుల్లో, ఒక షోలో పక్కమ్మాయి ఏడుస్తుంటే పెదవి విరిచి నవ్విన ఒకామెను నా కాలమ్‌లో చీల్చి చెండాడాను. 'రాతిగుండె' అని కూడా రాశాను. జనం మెచ్చుకున్నారు. రెండేళ్ల తర్వాత ఒక ఎడిటర్ మాటల మధ్యలో తేలిగ్గా అన్నాడు: "ఆ నవ్వా మేడమ్, అది వేరే రోజుది. అప్పుడెవరో జోక్ వేశారు." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను తిట్టిన మనిషి అసలు ఆ షోలోనే లేదు, ఎడిటింగ్ టేబుల్ మీద తయారైంది.

అందుకని పరిశోధన అనగానే లైబ్రరీకి పరిగెత్తకు. ముందు సరిగ్గా చూడటం నేర్చుకో. ఒక షోలో ఒక్క సీజన్ తీసుకో. అందులో నాలుగు ఎపిసోడ్లు చాలు, కానీ ఆ నాలుగే ఎందుకో ఒక వాక్యంలో చెప్పగలగాలి. ఒక్కోటీ మూడుసార్లు చూడు: మామూలుగా ఒకసారి, సౌండ్ తీసేసి ఒకసారి, బొమ్మ వైపు చూడకుండా వింటూ ఒకసారి. సౌండ్ లేకుండా చూస్తే సగం గొడవలు గొడవల్లా కనిపించవు, నిజం. చూసిందల్లా నిమిషం, సెకనుతో సహా రాసుకో. తర్వాత పట్టిక గీసి లెక్కపెట్టు: ఎవరికి ఎన్ని ఒంటరి ఇంటర్వ్యూలు దక్కాయి, ఎవరి మాట మధ్యలో కెమెరా పక్కకు పోయింది, ఎవరు ఎన్నిసార్లు ఏడ్చారు. ఏడుపు లెక్కపెట్టడం తేలికనుకుంటావు. కళ్లు చెమర్చితే ఏడుపేనా? చేత్తో ముఖం కప్పుకుంటే? ముందే నిర్వచనం రాసుకుని, మీ ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి అదే ఎపిసోడ్‌ని విడిగా లెక్కపెట్టమను. నీకు 11, ఆమెకు 6 వచ్చిందనుకో, తప్పు ఆమెది కాదు, నీ నిర్వచనానిది.

ఆ తర్వాతే చరిత్ర. అది కూడా తేదీల పట్టికలా వద్దు. 2000 ఫిబ్రవరిలో అమెరికాలో ఫాక్స్ ఛానెల్ ఒక షో వేసింది. 50 మంది అమ్మాయిలు, వాళ్లు ముఖం కూడా చూడని ఒక కోటీశ్వరుడు, రెండు గంటల్లో ఎంపిక, అక్కడికక్కడే పెళ్లి. అది అయిన కొద్ది రోజులకే అతని నుంచి ఒకామెకు రక్షణ కల్పిస్తూ గతంలో కోర్టు ఉత్తర్వు ఇచ్చిందన్న సంగతి బయటపడింది. పెళ్లి రద్దయింది, పెద్ద రచ్చయింది. ఆ ఆలోచన చేసిన మైక్ ఫ్లైస్ రెండేళ్లకు, 2002 మార్చిలో, ఏబీసీ ఛానెల్లో 'ది బ్యాచిలర్' మొదలుపెట్టాడు. ఈసారి గంటల బదులు వారాలు, చివర పెళ్లి బదులు గులాబీ, ఉంగరం. మొదటి షోలో జనాన్ని ఏం భయపెట్టిందో, రెండో షోలో దాన్ని ఎలా మెత్తబరిచారో చూస్తే నీకు 'ప్రభావం' అన్న మాట అవసరమే ఉండదు. అదే నువ్వు వెతుకుతున్న వాదన.

పత్రికల ఇంటర్వ్యూల మీద మరీ ఆధారపడ్డావు. షో ముగిశాక పాల్గొన్నవాళ్లు చెప్పే మాటలకు ఒప్పందాల కళ్లెం ఉంటుంది, ఫాలోయర్ల అవసరమూ ఉంటుంది. కోర్టు కాగితాలు, నియంత్రణ సంస్థల నిబంధనలు చదువు. బోరు కొడతాయి, కానీ పనికొస్తాయి. 2012లో ఇద్దరు నల్లజాతి యువకులు, జాతి వివక్ష చూపి తమను తీసుకోలేదంటూ 'ది బ్యాచిలర్' మీద దావా వేశారు. ఎవరిని తీసుకోవాలన్నది షో చెప్పే కథలో భాగమని, దానికి అమెరికా రాజ్యాంగంలో భావప్రకటనా స్వేచ్ఛనిచ్చే మొదటి సవరణ రక్షణ ఉందని చెప్పి కోర్టు దావా కొట్టేసింది. దాని జోడీ షోలో 'బ్యాచిలరెట్'గా, అంటే అబ్బాయిల్లోంచి ఒకరిని ఎంచుకునే అమ్మాయిగా, ఒక నల్లజాతి యువతిని చూడటానికి 2017 వరకు, 'బ్యాచిలర్'గా ఒక నల్లజాతి యువకుణ్ని చూడటానికి 2021 వరకు ఆగాల్సొచ్చింది. 'వైవిధ్యం లోపించింది' అన్న నీ వాక్యం పక్కన ఆ తీర్పు పెట్టి చూడు, ఏది బరువుగా ఉందో తెలుస్తుంది. అలాగే 2024 డిసెంబర్లో అమెరికా జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం 'లవ్ ఈజ్ బ్లైండ్'లో పాల్గొన్నవాళ్లను ఉద్యోగులుగా చూడాలంటూ ఫిర్యాదు దాఖలు చేసింది. ప్రేమ కోసం వచ్చినవాళ్లా, పనికి వచ్చినవాళ్లా? ఎంత మంచి ప్రశ్న దొరికిందో చూడు. ఒకటి మాత్రం మర్చిపోకు: ఫిర్యాదులో ఉన్నది ఒక పక్షం మాట. 'తేలింది' అని రాయకు, 'ఆరోపించింది' అని రాయి.

'లవ్ ఐలాండ్' పేరాను పూర్తిగా తిరగరాయాలి. బ్రిటన్‌లో ఆ షోలో పాల్గొన్న ఇద్దరు 2018లో ఒకరు, 2019లో ఒకరు చనిపోయారు. నువ్వు 'షో వల్ల' అని రాసేశావు. మనకు తెలిసింది ఒకటి తర్వాత ఒకటి జరిగిందనే. చనిపోయినవాళ్ల గురించి అంత తేలిగ్గా రాయకూడదమ్మా, వాళ్ల ఇళ్లల్లో వాళ్లు కూడా చదవగలరు. గట్టిగా చెప్పగలిగింది వేరే ఉంది: పాల్గొనేవాళ్ల క్షేమం చూసుకోవాల్సిన బాధ్యతను టీవీ సంస్థల మీద పెడుతూ అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ తెచ్చిన నిబంధనలు 2021 ఏప్రిల్లో అమల్లోకి వచ్చాయి. వాటి పాఠం చదివి, అది రాయి.

సర్వేల దగ్గరా ఇదే జారుడు. ఈ షోలు ఎక్కువ చూసేవాళ్లకూ, ప్రేమంటే ఎత్తుకు పై ఎత్తు అనుకునేవాళ్లకూ సంబంధం కనబడిందంటే, షో వాళ్లను అలా మార్చిందని కాదు. అలా అనుకునేవాళ్లే ఆ షోలు చూస్తుండొచ్చు కూడా. ఇక పారాసోషల్ అన్న మాటను, అంటే తెర మీది మనిషితో మనకు ఒకవైపు నుంచే ఏర్పడే దగ్గరితనాన్ని, మూడో చేతి నుంచి తెచ్చావు. 1956లో దాని గురించి రాసిన హార్టన్, వోల్ మనసులో ఉన్నది ప్రధానంగా మనవైపు తిరిగి మనతోనే మాట్లాడుతున్నట్టుండే యాంకర్లు, ఆ తరహా మనుషులు. డేటింగ్ షోలో మనవైపు తిరిగి మాట్లాడే చోటేది? ఆ ఒంటరి ఇంటర్వ్యూ గదే. చూశావా, అసలు వ్యాసం చదివితే నీ పట్టికకే దారి దొరికింది.

అన్నట్టు, నువ్విచ్చిన మూలాల్లో రెండు నాకెక్కడా దొరకలేదు. చాట్‌బాట్ ఇచ్చిందా? తిట్టను, తీసెయ్యి. నువ్వు తెరిచి చదవని వ్యాసం నీ పేపర్లో ఉండకూడదు, అంతే.

ఇక తిరగరాయడం. ఎర్ర పెన్ను తీసుకుని ప్రతి వాక్యంలో కర్త కింద గీత గీయి. నేను గీసి చూశాను: మూడో పేజీ నుంచి తొమ్మిదో పేజీ దాకా దాదాపు ప్రతిచోటా కర్త 'ఆమె', 'అతను', లేదంటే 'యువత'. షో ఎక్కడా కర్త కాలేదు! షో గురించి రాసిన పేపర్లో షో ఏ పనీ చేయడం లేదు. 'ఆమె అసూయతో రగిలిపోయింది' అన్నదాన్ని ఇలా మార్చి చూడు: 'ఆమె మాట పూర్తికాకముందే ఎపిసోడ్ ఆ జంట నవ్వును చూపించి, ఆమె మాటను అసూయగా వినిపించింది.' వాక్యం పొడవైంది, పర్లేదు. ఇప్పుడది నువ్వు నిరూపించగల వాక్యం.

అయితే దీన్ని మరీ లాగకు. రెండో డ్రాఫ్ట్‌లో అందరూ చేసే పొరపాటు, పాల్గొన్నవాళ్లను తోలుబొమ్మల్ని చేసేయడం. వాళ్లకూ కెమెరా ఎక్కడుందో తెలుసు. పాత సీజన్లు చూసి వచ్చినవాళ్లు, ఎలా ఏడిస్తే తెర మీద నిలుస్తామో తెలిసినవాళ్లు ఉంటారు. కొన్నిచోట్ల 'ఆమె' నిజంగానే కర్త. ఎక్కడెక్కడో తేల్చుకోవడానికి నీకు చాలాసేపు పడుతుంది, పట్టనీ.

మిగతావి చిన్నవి. 'నేటి ఆధునిక ప్రపంచంలో' అని మొదలయ్యే పేరా మొత్తం కొట్టెయ్. ప్రతి పేరా పక్కన అదేం చెబుతోందో ఒక్క వాక్యంలో రాసుకో. రాయలేకపోతే ఆ పేరా ఏమీ చెప్పడం లేదన్నమాట. తర్వాత పైకి చదువు, నాలుక తడబడిన చోట గుర్తు పెట్టు. మీ కాలేజీ ఏ ఫార్మాట్ అడిగితే ఆ ఫార్మాట్‌లో మూలాలు సర్దు, దాని గురించి చెప్పడానికేం లేదు.

గడువు ఇంకా 12 రోజులుంది కాబట్టి కంగారు పడకు. ముందు ఆ అడ్డుగోడ మీద ఒక పేజీ రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం. ఆదివారం ఫోన్ చెయ్యి. నాలుగో ఎపిసోడ్లో ఎవరు ఇంటికెళ్లారో మాత్రం చెప్పకు, నేనింకా మూడులోనే ఉన్నాను.

మీ పెద్దమ్మ